ఏడాది రాబడిలో మొదటి స్థానంలో ఉన్న ఈటీఎఫ్ ఎందుకు కొనలేదు: ఒక రిటైర్డ్ రైల్వే ఉద్యోగి కేసు

క్లయింటు రైల్వేలో సీనియర్ సెక్షన్ ఇంజినీరుగా పనిచేసి 2025 ఏప్రిల్ నెలాఖరున కాజీపేటలో రిటైరయ్యారు. వయసు 60. కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసేసుకోవడం) పోను, డీఏ కలుపుకుని చేతికొచ్చే పెన్షన్ నెలకు 45 వేలు. పీఎఫ్, గ్రాట్యుటీ, లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ కలిపి వచ్చిన డబ్బులో 30 లక్షలు నన్ను కలవకముందే పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో వేసేశారు. 8.2 శాతం వడ్డీ, మూడు నెలలకోసారి 61,500 రూపాయలు ఖాతాలో పడతాయి. అందులో నేను వేలు పెట్టాల్సింది ఏమీ లేదు. ఒకరి పేరు మీద పరిమితే 30 లక్షలు, భార్యకు ఇంకా 60 నిండలేదు కాబట్టి ఆ దారి అక్కడితో అయిపోయింది. (వివరాలు ఆయన అనుమతితోనే రాస్తున్నాను, గుర్తు పట్టకుండా కొన్ని మార్చాను.)

మిగిలింది 38 లక్షలు. అందులో 8 లక్షలు ఆసుపత్రి, ఇంటి రిపేర్లు లాంటి హఠాత్తు ఖర్చులకు. 30 లక్షలు చిన్నమ్మాయి పీజీ సీటు కోసం. ఆ అమ్మాయికి అప్పటికి 19 ఏళ్లు, ఎంబీబీఎస్ మొదటి సంవత్సరంలో ఉంది. హౌస్ సర్జన్సీ పూర్తయ్యేసరికి 2030 వేసవి వస్తుంది. కన్వీనర్ కోటాలో సీటొస్తే ఇంత డబ్బు అక్కర్లేదు. మేనేజ్‌మెంట్ కోటా అయితే ఇది కూడా చాలకపోవచ్చు. అంటే డబ్బు ఎప్పుడు కావాలో దాదాపు తెలుసు, ఎంత కావాలో తెలియదు. ఈ కేసు మొత్తం ఆ ఒక్క విషయం చుట్టూనే తిరిగింది.

ఫ్రిస్కో నుంచి వచ్చిన ఎక్సెల్ షీటు

పెద్దబ్బాయి అమెరికాలో, టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాడు. తండ్రి నా దగ్గరికి వస్తున్నాడని తెలిసి ముందే ఒక ఎక్సెల్ షీటు తయారుచేసి పంపాడు. ఇండియాలో దొరికే బాండ్ ఈటీఎఫ్‌లు (షేర్లలాగే ఎక్స్‌చేంజీలో కొని అమ్ముకోగల బాండ్ ఫండ్లు), పక్కన మూడు వరుసలు: ఏడాది రాబడి, ఖర్చు శాతం, ఫండు సైజు. షీటును ఏడాది రాబడి ప్రకారం పై నుంచి కిందికి పేర్చాడు. అన్నిటికంటే పైన నిప్పాన్ ఇండియా వారి 8-13 ఏళ్ల లాంగ్ టర్మ్ గిల్ట్ ఈటీఎఫ్, ఎల్‌ఐసీ మ్యూచువల్ ఫండ్ వారి 8-13 ఏళ్ల జీ-సెక్ ఈటీఎఫ్, ఎస్‌బీఐ పదేళ్ల గిల్ట్ ఈటీఎఫ్ ఉన్నాయి (గిల్ట్ అన్నా జీ-సెక్ అన్నా ప్రభుత్వ బాండే). వాటి కింద భారత్ బాండ్ 2033, భారత్ బాండ్ 2030, ఐదేళ్ల గిల్ట్ ఈటీఎఫ్. అట్టడుగున డబ్బును కొద్దిరోజులు నిలిపి ఉంచుకోవడానికి వాడే లిక్విడ్ బీస్.

ఫోన్‌లో అబ్బాయి అడిగింది సూటిగానే ఉంది: "అన్నా, పైన ఉన్నవి గవర్నమెంటు బాండ్లే కదా. రిస్కు లేదు, రాబడి రెండంకెల్లో ఉంది. ఇంక ఆలోచించేది ఏముంది?"

ప్రభుత్వ బాండులో డబ్బు ఎగ్గొట్టే రిస్కు లేదన్న మాట నిజమే. కానీ బాండులో రిస్కు ఒక్కటే ఉండదు. ఆ రెండంకెల రాబడి ఎక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూపించాను. 2024 జూన్‌లో పదేళ్ల ప్రభుత్వ బాండు ఈల్డు (ఆనాటి ధరకు కొని తీరేదాకా ఉంచితే ఏటా వచ్చే రాబడి) ఏడు శాతం దగ్గర ఉంది. 2025 జూన్‌కి 6.3 దగ్గరికి దిగింది. 8-13 ఏళ్ల బాండ్ల ఈటీఎఫ్‌కి డ్యూరేషన్ ఆరున్నర అనుకుందాం. ఈల్డు ఒక శాతం దిగితే ధర ఆరున్నర శాతం పెరుగుతుందని దాని అర్థం. 0.7 దిగితే నాలుగున్నర శాతం. అసలు వడ్డీ ఏడు, ధర పెరుగుదల నాలుగున్నర, కలిపి పదకొండున్నర. ఇందులో ప్రతి ఏడాదీ వచ్చేది ఆ ఏడు మాత్రమే. నాలుగున్నర ఒకసారి వచ్చి ఆగిపోయే డబ్బు. పైగా 2025 జూన్‌లో కొనేవాడికి ఆ ఏడు కూడా ఉండదు, ఈల్డు దిగిపోయింది కాబట్టి 6.3 నుంచే మొదలవుతుంది.

అంటే ఏడాది రాబడి వరుసలో ఎంత పైన ఉంటే, ఇప్పుడు కొనేవాడికి దొరికే వడ్డీ అంత తగ్గిందని అనుమానించాలి. షేర్ల ఫండ్లు చూసే కళ్లతో బాండ్ ఫండ్లను చూస్తే ఇక్కడే బోల్తా పడతాం.

తిరగబడితే ఎలా ఉంటుందో కూడా లెక్క వేశాం. 2022లో సంవత్సరం మొదట్లో ఆరున్నర దగ్గర ఉన్న పదేళ్ల బాండు ఈల్డు జూన్‌కి 7.6 దాకా ఎక్కింది. మేలో ఆర్‌బీఐ ముందస్తు కబురు లేకుండా రెపోను (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ రేటును) 4 నుంచి 4.40కి పెంచింది. 1.1 శాతం పెరుగుదలను ఆరున్నరతో గుణిస్తే ఏడు శాతం ధర పోయింది, ఆరు నెలల వడ్డీ మూడు చిల్లర వచ్చింది. నికరంగా నాలుగు శాతం దాకా నష్టం, అదీ ఒక్క పైసా ఎగ్గొట్టని ప్రభుత్వ బాండ్ల మీద.

ఈ మాట అబ్బాయికి చటుక్కున అర్థమైంది. అమెరికాలో టీఎల్‌టీ, అంటే ఇరవై ఏళ్లు పైబడిన ట్రెజరీ బాండ్ల ఈటీఎఫ్, 2022లో 31 శాతం దాకా పడిపోయింది. అందులో తన డబ్బు కొంత ఉండేదని అప్పుడు చెప్పాడు. "అది ఫెడ్ వల్ల అనుకున్నా" అన్నాడు. ఫెడ్ వల్లే, అంటే అమెరికా కేంద్ర బ్యాంకు వల్లే. మనకూ ఒక ఫెడ్ ఉంది, ముంబై మింట్ స్ట్రీట్‌లో: ఆర్‌బీఐ.

పైనున్న మూడింటి మధ్య తేడా గురించి పెద్దగా చెప్పేది లేదు. నిప్పాన్, ఎల్‌ఐసీ రెండూ ఒకే సూచీని అనుసరిస్తాయి, ఎస్‌బీఐది పదేళ్ల బెంచ్‌మార్క్ బాండుతో ఉంటుంది. వాటిలో ఏది కొనాలన్నది రోజూ ఎన్ని యూనిట్లు చేతులు మారుతున్నాయో చూసి తేల్చే ప్రశ్న. మన ప్రశ్న అది కాదు.

2030లో దిగాలంటే

అసలు పోటీ ఐదేళ్ల గిల్ట్ ఈటీఎఫ్‌కీ భారత్ బాండ్ 2030కీ మధ్య. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. రెండింటిలోనూ ఐదేళ్ల చుట్టుపక్కల కాలం ఉన్న బాండ్లే, డ్యూరేషన్ కూడా నాలుగు దగ్గర్లోనే. కానీ వాటి నడత వేరు.

ఐదేళ్ల గిల్ట్ ఈటీఎఫ్ ఎప్పటికప్పుడు పాత బాండును వదిలి కొత్త ఐదేళ్ల బాండును పట్టుకుంటుంది. అది 2030లోనూ ఐదేళ్ల ఫండే. మనకు డబ్బు కావాల్సిన నెలలో రేట్లు పెరిగి ఉంటే ధర పడిపోయి ఉంటుంది. భారత్ బాండ్ 2030 అలా కాదు. అందులోని బాండ్లన్నీ 2030 ఏప్రిల్ లోపే తీరిపోతాయి. ఏటా డ్యూరేషన్ తగ్గుతూ వస్తుంది, చివరి ఏడాదిలో రేట్లు ఎటు పోయినా ధర పెద్దగా కదలదు. రైల్వే మనిషి కాబట్టి రైలు భాషలోనే చెప్పాను: సార్, ఒకటి మీరు దిగే స్టేషన్లో ఆగే బండి. ఇంకోటి ఎంతసేపు ప్రయాణించినా మీ స్టేషన్ ఇంకో ఐదు స్టేషన్ల దూరంలోనే ఉండే బండి. ఆయన నవ్వి, "రెండోదానికి టికెట్ ఎవరిస్తారండీ" అన్నారు. చాలామందే కొంటారు, అదీ తప్పు కాదు. డబ్బు ఫలానా తేదీకి కావాలన్న గొడవ లేనివాళ్లకు, ఎప్పుడూ ఒక మోస్తరు డ్యూరేషన్ ఉంచుకోవాలనుకునేవాళ్లకు అదే సరైనది.

భారత్ బాండ్ గురించి తెలియనివారికి రెండు మాటలు. 2019 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం తలపెట్టి, ఎడల్‌వైస్ మ్యూచువల్ ఫండ్ నిర్వహణలో మొదలుపెట్టిన ఈటీఎఫ్ ఇది. ట్రిపుల్ ఏ, అంటే అన్నిటికంటే పై రేటింగు ఉన్న ప్రభుత్వరంగ సంస్థల బాండ్లు మాత్రమే కొంటుంది. 2023, 2025 సిరీస్‌లు ఇప్పటికే మెచ్యూర్ అయి డబ్బు వాపసు ఇచ్చాయి. 2030, 2031, 2032, 2033 నడుస్తున్నాయి. ఐఆర్‌ఎఫ్‌సీ (రైల్వేకు అప్పులు తెచ్చిపెట్టే సంస్థ), ఎన్‌హెచ్‌ఏఐ, పవర్‌గ్రిడ్ లాంటి పేర్లు చూడగానే క్లయింటు ముఖం వెలిగింది. 2021లో ఐఆర్‌ఎఫ్‌సీ ఐపీఓకి అప్లై చేయడానికే ఆయన డీమ్యాట్ తెరిచారట.

ఆ వెలుగు మీద కాస్త నీళ్లు చల్లాల్సి వచ్చింది. ప్రభుత్వరంగ సంస్థ బాండు వేరు, ప్రభుత్వ బాండు వేరు. వెనక కేంద్రం ఉందన్న నమ్మకమే తప్ప రాతపూర్వకమైన గ్యారంటీ కాదు. ట్రిపుల్ ఏ అన్నది కూడా దేవుడి వాక్కు కాదు. మౌలిక సదుపాయాలకు అప్పులిచ్చే ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ 2018 సెప్టెంబరులో చేతులెత్తేయడానికి నెల ముందు దాకా ట్రిపుల్ ఏనే. అది ప్రభుత్వరంగ సంస్థ కాదు, నిజమే. అయినా ఈ చరిత్ర తెలుసుకునే కొనాలి. నా అంచనాలో ఐఆర్‌ఎఫ్‌సీ లాంటి సంస్థను కేంద్రం మునగనివ్వదు. ఆ అంచనాకు ప్రతిఫలంగా ప్రభుత్వ బాండు కంటే కాస్త ఎక్కువ ఈల్డు దొరుకుతుంది.

2033 సిరీస్ ఎందుకు కాదని అబ్బాయి అడిగాడు, ఈల్డు కొంచెం ఎక్కువని. 2030లో అమ్మితే అప్పటికి ఇంకా మూడేళ్ల బాండ్లు మిగిలి ఉంటాయి. ఫీజు కట్టే వారంలో మార్కెట్ ఎలా ఉందోనన్న టెన్షన్ మనకెందుకు?

లిక్విడ్ బీస్ గురించి కూడా ఒక మాట. 2003 నుంచి ఉన్న ఈటీఎఫ్ అది. యూనిట్ ధర వెయ్యి దగ్గరే ఉంటుంది, రోజువారీ డివిడెండు అణాపైసల యూనిట్లుగా జమ అవుతుంది. ఆ పిసరంత యూనిట్లను ఎక్స్‌చేంజీలో అమ్మలేం. ఈ చిక్కు లేకుండా ఎన్‌ఏవీ (ఒక్కో యూనిట్ వెనకున్న ఆస్తుల విలువ) పెరిగే రకం లిక్విడ్ ఈటీఎఫ్‌లు ఈమధ్య వచ్చాయి. ఏ రకమైనా ఇవి ట్రేడర్లకు, మార్జిన్ కోసం తాకట్టు పెట్టుకునేవాళ్లకు పనికొచ్చే సరుకు. అర్ధరాత్రి ఆసుపత్రిలో అడ్వాన్సు అడిగితే డీమ్యాట్ లాగిన్ పాస్‌వర్డు వెతుక్కోవడం కుదరదు. 8 లక్షలను ఆయన పెన్షన్ పడే బ్యాంకులోనే ఆటో స్వీప్ ఎఫ్‌డీగా (అవసరమైనప్పుడు దానంతటదే పొదుపు ఖాతాలోకి వచ్చే ఎఫ్‌డీగా) ఉంచేశాం.

ఈటీఎఫ్ కన్నా ముందు పోస్టాఫీసు

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. మేం కూర్చుని మాట్లాడుకున్న 2025 జూన్‌లో భారత్ బాండ్ 2030 కొంటే మెచ్యూరిటీ దాకా 6.6 శాతం చేతికొస్తుందని లెక్క వేసుకున్నాం. కాస్త తగ్గించి వేసిన అంకె అది. అదే జూన్‌లో పోస్టాఫీసు ఎన్‌ఎస్‌సీ (నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్) ఐదేళ్లకు 7.7 శాతం. కేంద్ర ప్రభుత్వ పూచీ, లక్షకు ఐదేళ్లలో 1,44,900 రూపాయలు. కొన్నది 2025 జూన్‌లో అయితే తీరేది 2030 జూన్‌లో. తేదీ కూడా అతికినట్టు సరిపోయింది. ఈటీఎఫ్‌లు పోల్చమని వచ్చిన మనిషికి ముందు చెప్పాల్సింది ఇదే కాబట్టి అదే చెప్పాను.

మొత్తం 30 లక్షలూ అందులోనే ఎందుకు పెట్టలేదంటే, ఎన్‌ఎస్‌సీ నుంచి మధ్యలో బయటపడే దారి లేదు. మరణం, కోర్టు ఉత్తర్వు లాంటివి తప్ప ముందుగా రద్దు చేసుకోలేరు. అమ్మాయి విదేశీ పరీక్షలు రాస్తానన్నా, మధ్యలో కోచింగ్ కోసం ఢిల్లీ వెళ్తానన్నా, ఇంట్లో ఇంకేదైనా అవసరం పడినా 30 లక్షలూ తాళం వేసిన పెట్టెలో ఉంటాయి. ఎంత కావాలో తెలియనప్పుడు సగమైనా కదిలే డబ్బుగా ఉండాలి. 15 లక్షలు ఎన్‌ఎస్‌సీకి, 15 లక్షలు భారత్ బాండ్‌కి అనుకున్నాం.

బ్యాంకు ఎఫ్‌డీ? ఆ రోజుల్లో సీనియర్లకు ఐదేళ్లకు ఏడు అటూ ఇటూ ఇచ్చేవారు. రేటులో ఈటీఎఫ్ దాన్ని దాటదు, ఆయన విషయంలో ఇది ఒప్పుకోవాల్సిందే. ఈటీఎఫ్ అనుకూలత ఇంకెక్కడో ఉంది: కావాల్సినన్ని యూనిట్లు మాత్రమే అమ్ముకోవచ్చు, పెనాల్టీ లేదు, మర్నాటికి డబ్బు సెటిల్ అవుతుంది. ఒకే బ్యాంకులో 5 లక్షలు దాటిన డిపాజిట్‌కి బీమా ఉండదన్న బెంగా లేదు. ఈ సౌకర్యాలు అక్కర్లేనివాళ్లు ఎఫ్‌డీ వేసుకుంటే నేను వద్దనను.

ఏడున్నర రూపాయలు, తొమ్మిది వేలు

షీటులో ఖర్చు శాతం అన్న వరుసను అబ్బాయి పచ్చరంగుతో గుర్తు పెట్టాడు. భారత్ బాండ్ ఖర్చు 0.0005 శాతం. పదిహేను లక్షలకు ఏడాదికి ఏడున్నర రూపాయలు. టీ కూడా రాదు. ఇంత తక్కువ ఖర్చు చూసి అక్కడితో ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

అసలు ఖర్చు కొనే క్షణంలో ఉంటుంది. ఆయన ఫోన్‌లోనే బ్రోకర్ యాప్ తెరిపించి భారత్ బాండ్ 2030 కోడు ఈబీబీఈటీఎఫ్0430 అని కొట్టించాను. లెక్క సులువు కోసం ఎన్‌ఏవీ 1,500 రూపాయలు అనుకుందాం. తెర మీద కొనేవాళ్లవైపు, అమ్మేవాళ్లవైపు పట్టుమని కొన్ని వరుసలే ఉన్నాయి. దగ్గర ధరకు అమ్మేవాడి చేతిలో పది, పదిహేను యూనిట్లు. ఆ తర్వాతి అమ్మకందారు ఎన్‌ఏవీ కంటే తొమ్మిది రూపాయలు పైన కూర్చుని ఉన్నాడు. వెయ్యి యూనిట్లకు మార్కెట్ ఆర్డరు (ఏ ధరకైనా సరే ఇప్పుడే కొనే ఆర్డరు) కొడితే పది యూనిట్లు మంచి ధరకు వచ్చి, మిగతావన్నీ ఆ పైవాడి బుట్టలోంచి వస్తాయి. యూనిట్‌కు 9 రూపాయలంటే 0.6 శాతం, మొత్తం మీద దాదాపు తొమ్మిది వేలు. ఏటా ఏడున్నర రూపాయలు ఆదా అయ్యిందని మురిసిపోతూ ఒక్క నొక్కుతో తొమ్మిది వేలు ఇచ్చేయడం ఇలాగే జరుగుతుంది.

కొన్నప్పుడు ఎక్కువ ధర పెట్టడమంటే ఈల్డు తగ్గించుకోవడమే. 0.6 శాతాన్ని దాదాపు అయిదేళ్ల మీద పరిస్తే ఏడాదికి 0.12. చూడటానికి చిన్నదే, కానీ ఖర్చు శాతం కన్నా రెండు వందల రెట్లు ఎక్కువ.

షేర్ల ఈటీఎఫ్‌లకు సూచిక ఎన్‌ఏవీ సెకన్ల తేడాతో మారుతూ ఉంటుంది. బాండ్ ఈటీఎఫ్‌లకు అలా కాదు, రోజుకు కనీసం నాలుగుసార్లు ఇస్తే చాలని సెబీ నిబంధన. కాబట్టి నిన్నటి ఎన్‌ఏవీ, ఈరోజు ఉదయం ఇచ్చిన అంకె రెండూ ఎదురుగా ఉంచుకుని లిమిట్ ఆర్డరు (ఇంతకు మించి ధర ఇవ్వనని చెప్పే ఆర్డరు) పెట్టాలి. పాతిక కోట్లకు తక్కువైతే నేరుగా ఫండు సంస్థ దగ్గర యూనిట్లు కొనడం, అమ్మడం మామూలుగా కుదరదు. చిన్న మదుపరి ఎక్స్‌చేంజీలో దొరికిన ధరకే సర్దుకోవాలి. అయితే ఒక రక్షణ ఉంది. ముగింపు ధర ఎన్‌ఏవీ కంటే ఒక శాతం మించి తక్కువగా వరసగా ఏడు ట్రేడింగ్ రోజులు ఉన్నా, మూడు రోజులు వరసగా కోట్ చేసేవాళ్లే లేకపోయినా ఫండు సంస్థే నేరుగా వాపసు తీసుకోవాలి. ఇది తెలిసినవాళ్లు తక్కువ.

అమెరికాలో ఈ బాధ ఉండదని అబ్బాయి అన్నాడు. మామూలు రోజుల్లో నిజమే, అక్కడి బీఎన్‌డీ, ఏజీజీ లాంటి పెద్ద బాండ్ ఈటీఎఫ్‌లలో స్ప్రెడ్ (కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా) సెంటు దాకానే ఉంటుంది. కానీ 2020 మార్చిలో కోవిడ్ భయంతో అందరూ ఒకేసారి అమ్మినప్పుడు బీఎన్‌డీ కూడా ఎన్‌ఏవీ కంటే ఆరు శాతం దాకా తక్కువకు ట్రేడయింది. లోపలి బాండ్లు ఎవరూ కొననప్పుడు బయటి యూనిట్ మాత్రం నిలకడగా ఎలా ఉంటుంది?

ఈ స్ప్రెడ్ గొడవ వద్దనుకుంటే భారత్ బాండ్ ఫండ్ ఆఫ్ ఫండ్ ఉంది, అంటే మన డబ్బును అదే ఈటీఎఫ్‌లో పెట్టే మ్యూచువల్ ఫండు. డీమ్యాట్ అక్కర్లేదు, ఎన్‌ఏవీకే కొనొచ్చు, అమ్మొచ్చు. ఖర్చు కొంచెం ఎక్కువ, అయినా శాతంలో వందో వంతుల్లోనే. అసలు చాలామందికి ఇదే మేలు. ఈ కేసులో అది ఇంకో కారణానికి పనికొచ్చింది.

ఏప్రిల్‌లో వచ్చి పడే లాభం

డెట్ ఫండ్ల మీద పన్ను 2023 ఏప్రిల్ నుంచి మారింది. ఆ తర్వాత కొన్నవాటికి ఎన్నేళ్లు ఉంచినా లాభం శ్లాబు ప్రకారమే, ఇండెక్సేషన్ (ద్రవ్యోల్బణం మేరకు లాభాన్ని తగ్గించి చూపే సౌకర్యం) లేదు. దాంతో డెట్ ఈటీఎఫ్‌లు పనికిరావని తీర్మానించేసిన వాళ్లున్నారు. అది తొందరపాటు. ఎఫ్‌డీ వడ్డీకి ఏటా పన్ను లెక్క, ఈటీఎఫ్ లాభానికి అమ్మిన ఏడాదే లెక్క. ఈ వాయిదా మంచిదా చెడ్డదా అన్నది మనిషిని బట్టి ఉంటుంది. 30 శాతం శ్లాబులో ఉండి నాలుగేళ్లలో రిటైరయ్యే ఉద్యోగికి బంగారం లాంటిది. మన క్లయింటు లాంటి పెన్షనర్‌కు మాత్రం ఇది ఎదురు తిరగొచ్చు. ఎలాగో చూద్దాం.

కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు వల్ల పన్ను లేదు. శ్లాబు ప్రకారం పన్నుపడే డెట్ ఫండ్ లాభానికీ ఈ రిబేటు వర్తిస్తుంది. 2030-31లో ఆయన ఆదాయం ఈనాటి అంకెలతోనే వేస్తే: పెన్షన్ 5.40 లక్షలు, సీనియర్ సిటిజన్ స్కీమును పొడిగిస్తే వడ్డీ ఇదే రేటున 2.46, ఎన్‌ఎస్‌సీ చివరి ఏడాది వడ్డీ 1.55. స్టాండర్డ్ డిడక్షన్ 75 వేలు తీసేస్తే 8.66 లక్షలు. పన్ను సున్నా. ఇప్పుడు భారత్ బాండ్ 2030 ఏప్రిల్‌లో తీరుతుంది. 15 లక్షలు 6.6 శాతంతో నాలుగేళ్ల పది నెలల్లో 20.43 లక్షలవుతాయి. లాభం 5.43 లక్షలు మొత్తం ఆ ఒక్క ఏడాదిలో వచ్చి పడుతుంది. ఆదాయం 14.09 లక్షలు. రిబేటు పోయింది. శ్లాబుల ప్రకారం 91,350, దాని మీద సెస్సు, మొత్తం 95 వేలు పన్ను. అదే డబ్బు ఎఫ్‌డీలో ఉంటే ఏటా లక్ష పైన వడ్డీ చూపించి ఏటా సున్నా కట్టేవారు.

దీనికి మందు రెండు చోట్ల ఉంది. మొదటిది క్యాలెండరులోనే ఉంది. మెచ్యూరిటీ ఏప్రిల్‌లో కాబట్టి మార్చిలో కొంత అమ్మితే అది ముందు ఆర్థిక సంవత్సరం లెక్కలోకి వెళ్తుంది. రెండు మూడు వారాల తేడాతో లాభం రెండు ఏళ్ల మీద పంచుకున్నట్టే. ఆ దశలో బాండ్లు తీరడానికి వచ్చేసి ఉంటాయి కాబట్టి ధర ఊగిసలాట కూడా ఉండదు. రెండోది ఇంట్లోనే ఉంది. అమ్మాయికి 18 నిండాయి, ఆదాయం లేదు. తండ్రి కూతురికిచ్చే గిఫ్టు మీద పన్ను లేదు, మేజరైన బిడ్డ ఆదాయం తండ్రి ఆదాయంలో కలపరు. ఆమె పేరు మీద కొంటే లాభం ఆమె లెక్కలోకే వెళ్తుంది.

రెండో మాట చెప్పగానే గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "ఇప్పట్నుంచే దాని పేరు మీద డబ్బు పెడితే చదువు మీద ధ్యాస ఉంటుందా" అన్నారాయన. పక్కనున్న వాళ్లావిడ, "చదువు కోసమే కదండీ, దాని పేరు మీద లేకపోతే ఎవరి పేరు మీద పెడతారు" అన్నారు. నేను మధ్యలో మాట్లాడలేదు. చివరికి సగం సగం అని తేలింది. ఆయన డీమ్యాట్‌లో 500 యూనిట్ల ఈటీఎఫ్. అమ్మాయి పేరు మీద, ఆమెకు డీమ్యాట్ లేదు కాబట్టి, ఏడున్నర లక్షల ఫండ్ ఆఫ్ ఫండ్. బ్యాంకు నుంచి బ్యాంకుకే బదిలీ, ఒక తెల్ల కాగితం మీద గిఫ్టు పత్రం, ఇద్దరి సంతకాలు. ఆమె వాటా లాభం 2.71 లక్షలు, వేరే ఆదాయం లేకపోతే 4 లక్షల బేసిక్ మినహాయింపులోనే ఉంటుంది. ఆయన వాటా అంతే, కలిపితే 11.38 లక్షలు. 12 లోపే ఉన్నా మిగిలిన ఖాళీ 62 వేలు మాత్రమే, డీఏ ఏడాదికి రెండుసార్లు పెరుగుతుంది. అందుకే ఆయన 500లో సగం మార్చిలో అమ్మాలని ఇప్పుడే రాసి పెట్టుకున్నాం.

మధ్యలో పెద్దబ్బాయి ఉదారంగా ఒక మాటన్నాడు: తన ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుంచి ఇంకో పది లక్షలు తన పేరు మీదే ఇందులో వేస్తానని. వద్దన్నాను. అమెరికాలో పన్ను కట్టేవాళ్లకు మన మ్యూచువల్ ఫండ్లు, ఈటీఎఫ్‌లు పీఎఫ్ఐసీ (విదేశీ ఫండ్లకు అక్కడి పన్ను చట్టం పెట్టిన వర్గం) లెక్కలోకి వస్తాయి. ఒక్కో ఫండుకు ఫారం 8621, అమ్మినప్పుడు మామూలు కన్నా కఠినమైన పన్ను. చెల్లెలికి సాయం చేయాలనుకుంటే ఫీజు కట్టే నాడు పంపితే సరిపోతుంది.

కొన్నాక జరిగింది

500 యూనిట్లు ఒక్కరోజులో కొనలేదు. మార్కెట్ తెరిచిన మొదటి అరగంట వదిలేసి, మధ్యాహ్నం పూట ఎన్‌ఏవీకి రూపాయి, రెండు రూపాయల దూరంలో లిమిట్ ఆర్డర్లు పెట్టుకుంటూ వెళ్లాం. కొన్ని రోజులు ఏమీ దొరకలేదు. ఒకరోజు ఎవరో పెద్ద లాటు అమ్మడంతో సగానికి పైగా ఒకేసారి వచ్చాయి. మొత్తం వారం పైనే పట్టింది. క్లయింటుకు ఓపిక ఎక్కువే. ఆ ధర కుదరకపోతే ఇదీ ఫండ్ ఆఫ్ ఫండ్‌లోనే వేసేద్దామని ముందే అనుకున్నాం.

ఆ తర్వాత మార్కెట్ చేసిన పని అబ్బాయి షీటుకు పరీక్ష పెట్టింది. 2025 జూన్ 6న రెపో అర శాతం తగ్గిన రోజే ఆర్‌బీఐ తన వైఖరిని తటస్థానికి మార్చింది. ఇక తగ్గింపులకు చోటు తక్కువని మార్కెట్ అర్థం చేసుకుంది. రెపో తగ్గినా పదేళ్ల బాండు ఈల్డు పెరగడం మొదలై ఆగస్టులో 6.5 దాటింది. పొడుగు గిల్ట్ ఈటీఎఫ్‌లు ఆ రెండు నెలల్లో వచ్చిన వడ్డీనంతా ధరలో పోగొట్టుకుని కిందికి వెళ్లాయి. భారత్ బాండ్ 2030 కూడా కొంచెం తగ్గింది, కానీ డ్యూరేషన్ తక్కువ కాబట్టి దెబ్బ చిన్నది. క్లయింటు అప్పుడు ఫోన్ చేసి అడిగింది ఒక్కటే: "మన తేదీకి వచ్చేది మారిందా?" దాదాపు మారలేదు. మధ్యలో బాండ్ల మీద వచ్చే వడ్డీలను ఫండు తిరిగి ఏ రేటుకు పెడుతుందన్న దాన్ని బట్టి 6.6 కాస్త అటో ఇటో అవుతుంది. రేట్లు పెరిగితే ఆ కొంచెం మనకే మంచిది.

డిసెంబరులో రెపో 5.25కి దిగింది. అయినా పదేళ్ల బాండు ఈల్డు జూన్ మొదటి స్థాయికి తిరిగి రాలేదు. అబ్బాయి కొత్త షీటు పంపాడు. ఈసారి పేర్ల పక్కన మొదటి వరుస "ఎప్పుడు తీరుతుంది", రెండోది "ఇప్పటి ఈల్డు", మూడోది "ఎన్‌ఏవీకి ధర తేడా". ఏడాది రాబడి వరుస చివర్లో ఉంది. తీసెయ్యలేదు.

ఫైల్లో ఇంకా మూడు పనులు మిగిలి ఉన్నాయి. అమ్మాయి ఫండ్ ఆఫ్ ఫండ్‌కు నామినీ నమోదు. ఎన్‌ఎస్‌సీ వడ్డీని ఏటా రిటర్నులో చూపించుకుంటూ వెళ్లడం, లేకపోతే ఐదేళ్ల వడ్డీ 6.73 లక్షలు 2030 జూన్‌లో ఒకేసారి వచ్చిపడి మళ్లీ అదే 12 లక్షల గోడ దగ్గరికి వస్తాం. మూడోది 2030 ఫిబ్రవరి ఆఖరి వారానికి పెట్టిన రిమైండరు: అప్పటి డీఏతో ఆదాయం లెక్క చూసి, 250 యూనిట్లు మార్చిలో అమ్మాలా, ఇంకా ఎక్కువ అమ్మాలా అన్నది తేల్చాలి.